గొలుసు కట్టిన బల్ల

మా లబొరెత్స్ లోయలో మేం మాట్లాడేది రూసిన్. దాన్ని బడిలో నేర్పాలంటే, అది వేరే భాషేనని ఇద్దరు పండితులు సంతకం పెట్టాలన్నారు సర్కారువాళ్లు. మా మనవరాలు మెలాన్య అప్పటికే పెన్సిళ్లు చెక్కి పెట్టుకుంది.

తూర్పు దేశం నుంచి ఒకరు, పడమటి దేశం నుంచి ఒకరు వచ్చిన ఆ పండితులు నాలుగు రోజులు ఊరంతా తిరిగారు. మేం బాతుల్ని అదిలించే మాటలు కూడా రాసుకున్నారు. క్రిస్మస్ ముందు సాయంత్రం మా గడపలో నిలబడ్డారు.

"ఇది మా తూర్పు భాషకు యాసమ్మా," అన్నాడు బట్టతలాయన.

"ఏడిసినట్టుంది. సగం మాటలు మా పడమటివే," అన్నాడు గడ్డమాయన.

సంతకం పెట్టకుండానే బస్సెక్కేస్తారట. మెలాన్య కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఈ పూట గడప దాకా వచ్చినవాళ్లు తినకుండా పోకూడదు. కూర్చోండి బాబూ," అన్నాను.

కూర్చున్నారు. మా ఆయన హావ్రీల్ ఏటా చేసినట్టే బల్ల కాళ్ల చుట్టూ ఇనుప గొలుసు చుట్టాడు. ఆ బల్ల దగ్గర తిన్నవాళ్లంతా మళ్లీ ఏడు కూడా అక్కడే కలవాలని మా ఆచారం.

తేనెలో ముంచిన వెల్లుల్లి తినగానే గడ్డమాయన లేవబోయాడు.

"అయ్యో, లేవకండి! పన్నెండు వంటలూ అవకుండా లేచినవాళ్లు వచ్చే క్రిస్మస్ చూడరు. వడ్డించే ఇల్లాలికే మినహాయింపు."

ఆయన టక్కున కూర్చున్నాడు.

"అయినా ఇది ముమ్మాటికీ తూర్పు..." అని బట్టతలాయన మొదలుపెట్టాడు.

"ఇక్కడ తగువాడితే ఏడాదంతా తగువేనండీ," అన్నాడు మా ఆయన. "పోయినేడు మా బావమరిది ఉప్పు గురించి నోరు జారాడు. ఇప్పటికీ వాళ్ల మేక వాడితో మాట్లాడదు."

బట్టతలాయన మిగతా మాటను వెల్లుల్లితో పాటు మింగేశాడు. పుట్టగొడుగుల పులుసు, బఠాణీలు, గసగసాల ఉండలు, ఇలా పదకొండు వంటలయ్యాయి. పన్నెండోది ఎండు రేగుపళ్ల పానకం. అది పొయ్యి మీదే ఉంది.

బస్సు వెళ్లిపోయింది. మర్నాడు పాటలు పాడేవాళ్లు వచ్చి వెళ్లారు. మూడో రోజు పండితులకు బల్ల దగ్గరే తలగడలిచ్చాను.

"అమ్మా, ఆ పానకం ఉడికిందా?" అన్నాడు గడ్డమాయన నీరసంగా.

"నా పొయ్యి మొండిది నాయనా. సంతకాలు చూస్తే మెత్తబడుతుందేమో."

"మీరు ముందు పెట్టండి," అన్నాడు గడ్డమాయన రెండో ఆయనతో.

"అబ్బే, మీరే కానివ్వండి."

ఆ బల్ల దగ్గర తగువాడడానికి లేదాయె. భాషేనని ఇద్దరూ సంతకం పెట్టారు. కాగితంలో తూర్పు శాఖా, పడమటి శాఖా అన్న గడి మాత్రం ఖాళీగా వదిలేశారు. పానకం వడ్డించాను. బస్టాపు నుంచి వాళ్ల అరుపులు మా ఇంటిదాకా వినిపించాయి.

మెలాన్య ఇప్పుడు నాకే తప్పులు దిద్దుతోంది. పండితులు మాత్రం ఏటా వస్తున్నారు. గొలుసు మహిమ! గడప దాకా కొట్టుకుంటూ వచ్చి, లోపల పిల్లుల్లా కూర్చుంటారు. ఈసారి ఆ ఖాళీ గడి నింపి తీరుతారట. తలగడలు కూడా తెచ్చుకున్నారు.

నింపనివ్వండి. నేనింకా పానకానికి పొయ్యే వెలిగించలేదు.