జంట తుమ్ము

మా మామగారు నాగేశ్వర్ రావుకు మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది. ఇంట్లో ఎవరైనా ఒక్కసారి తుమ్మితే ఆయన గడప దాటరు. వరసగా రెండుసార్లు తుమ్మితే మాత్రం శుభమట. నాకేమో రెండో నెల, పైగా జలుబు.

ఆ ఉదయం ఆయన చెప్పులేసుకున్న ప్రతిసారీ నాకు తుమ్మొచ్చింది. అదీ ఒక్కటే. పాపం, వెనక్కొచ్చి కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ లేచేవారు.

"ఒక గోలి ఏసుకో బిడ్డా! నేరేడుచర్ల వడ్ల లారీలు మిల్లు కాడ ఆగినయ్."

"జలుబు గోలి గూడ తనను అడగకుంట ఏసుకోవద్దన్నది డాక్టరమ్మ. ఉప్పునీళ్లు పుక్కిలించి, ఆవిరి పట్టి, మంచిగ పండుకొమ్మన్నది. జ్వరమొస్తే ఎంటనే దవాఖానకు రమ్మన్నది మామయ్యా."

"అయితే జర ఇంకోటి గూడ తుమ్మరాదా!"

నాకు ఒళ్లు మండింది. తుమ్మేమన్నా మిల్లు స్విచ్చా, నొక్కగానే రావడానికి? మళ్లీ తుమ్మాను. ఒక్కటే.

మామగారు చెప్పులు విడవబోయారు. అంతలో మా అత్తగారు చంద్రకళ వంటింట్లోంచి వచ్చారు.

"పిల్ల కడుపుతోటున్నది గద! ఒక్కసారి తుమ్మినా ఇద్దరు తుమ్మినట్టే. ఇగ పోండ్రి."

వ్యాపారి కదా, ఆ లెక్క ఆయనకు వెంటనే నచ్చింది. హుషారుగా గడప దాటారు. మెట్టు మీద కాలు పెట్టగానే ఇల్లదిరేలా తనే తుమ్మారు. ఒక్కటే. బిక్కమొహం వేసి వెనక్కి చూశారు.

అత్తగారు నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగారు.

"మీకెన్నో నెల?"