రాతి తెర

మా బావకు ఉడుము అని పేరు పెట్టింది నేనే. పట్టిన సందును వదిలే రకం కాదు. ఈ గుహలో సున్నం నీరు చుక్క చుక్కగా కారి, గడ్డకట్టి, ఆరేసిన దుప్పటిలా మడతలు పడిన పల్చటి రాతి తెర ఒకటుంది. దాని వెనక పెద్ద గది ఉందని అంచుల్లోంచి వచ్చే చల్లగాలి చెబుతూనే ఉంది. సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే దారి దొరుకుతుంది. బావ వెయ్యనిస్తేగా! తెర కింద మట్టితో పూడిపోయిన సొరంగాన్ని రెండేళ్లు మా చేత తవ్వించాడు.

"అది తయారవడానికి వేల ఏళ్లు పట్టింది. నీకు రెండేళ్ల ఓపిక లేదటే?"

"లేదు బావా. అక్కకుంది, అందుకే నిన్ను చేసుకుంది."

తవ్విన మట్టిని బయటిదాకా మొయ్యలేక పక్కనున్న గుంటలో పోశాం. ఆ గుంట చూపించింది బావే. గుహలోకి వచ్చే వాననీరు దిగిపోయే నోరు అదేనని ఎవరికీ తట్టలేదు. ఆ రెండేళ్లూ వానలు ముఖం చాటేశాయి మరి.

ఇవాళ సొరంగం అవతలికి తెరుచుకుంది. బావ పాక్కుంటూ వెళ్లాడు. నేను ఇవతల కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాను. కాసేపటికి తెర వెనక దీపం కదిలింది. రాయంతా తేనె రంగుకు తిరిగింది.

"బూట్లు విప్పేశాను," అన్నాడు లోపలినుంచి. తెల్లటి నేల మీద బూటు పెట్టకూడదని ఆయన నియమం. జేబులో ఉతికిన మేజోళ్లు పెట్టుకుని తిరిగే మనిషి.

"ఏముంది బావా? చెప్పి చావు!"

"మాటలు రావట్లేదే."

"నీకా!"

నవ్వుతుండగానే పాదాలు చల్లబడ్డాయి. చూద్దును కదా, బయట ఎప్పుడు మొదలైందో వాన, బురదనీళ్లు నా కాళ్ల పక్కనుంచి సొరంగంలోకి జారుతున్నాయి. గుంట దగ్గరికి పరిగెత్తాను. రెండేళ్ల మట్టి బండలా బిగుసుకుంది. పార దిగలేదు. తిరిగొచ్చేసరికి సొరంగం నోరు మునిగిపోయింది.

"బావా! నీళ్లు!"

"చూశాను. ఇక్కడ మోకాళ్లదాకా వచ్చాయి. ఇవి బయటికి పోయే దారి లేదు."

సుత్తి అందుకున్నాను.

"వద్దు! వాన తగ్గుతుందేమో చూద్దాం."

"తగ్గకపోతే?"

"దాన్ని మాత్రం ముట్టుకోకు!"

ఒళ్లు మండిపోయింది. తెరకు నోరు ఆనించి అరిచాను. "సరే, ముట్టుకోను. అక్కకు ఏం చెప్పమంటావు? నీ మొగుడు రాయిని కాపాడుకున్నాడని చెప్పనా?"

నీళ్ల చప్పుడొక్కటే. సుత్తి ఎత్తి పట్టుకుని నిలబడ్డాను.

"ఎడమ అంచున కొట్టు," అన్నాడు చివరికి. "అక్కడ పల్చగా ఉంటుంది."

రాయి గంటలా మోగింది. మళ్లీ కొట్టాను. ముక్కలు నా భుజాల మీద పడ్డాయి. సందులోంచి ఆయన చెయ్యి వచ్చింది, పట్టుకుని లాగాను. బయటపడ్డాక వెనక్కి తిరిగి చూడలేదు.

గుహ బయట వానలో కూర్చున్నాం. తెల్లటి మేజోళ్లు బురదైపోయాయి. బావ వాటినే చూస్తున్నాడు. నాకు ఉండబట్టలేదు.

"తిట్టు బావా, పోనీ. ఎన్ని దెబ్బలు వేశానో విన్నావుగా."

"వినలేదే," అన్నాడు. "చెవులు మూసుకున్నాను."