డాబా మీద రేకుల గది

ప్రాజెక్టుకు జట్లు కట్టుకోమని కామేశ్వరరావు సారు అనగానే క్లాసులో బెంచీలు కిర్రుమన్నాయి. ఎవరి స్నేహితుల పక్కకు వాళ్ళు జరిగిపోయారు. సందడి సద్దుమణిగేసరికి కృష్ణప్రియ ఒక్కతే, ఇందాక కూర్చున్న చోటే మిగిలింది. ప్రొద్దుటూరు కాలేజీలో బీబీఏ ఎత్తేస్తే మూడో ఏటికి ఇక్కడికి మారిన పిల్ల ఆమె. మిగతావాళ్ళ స్నేహాలన్నీ మొదటి ఏడే ముడిపడిపోయాయి. కొత్త మనిషికి చోటిచ్చేంత సందు ఎక్కడా లేదు.

"నువ్వొక్కదానివే చెయ్యమ్మా, ఏం ఫర్వాలేదు" అన్నారు సారు. ఆయన బీమా కంపెనీలో పనిచేసి రిటైరయ్యాక పాఠాలు చెప్పడానికి వచ్చారు. "మీరుంటున్న చోటో, మీకు తెలిసిన చోటో తీసుకోండి. అక్కడ ఏం జరిగే ప్రమాదముందో చూడండి. దానికి ఎన్ని దారులున్నాయో రాయండి. అసలు ఆ పనే మానేసి తప్పించుకోవచ్చు. జాగ్రత్తలతో తగ్గించుకోవచ్చు. బీమా చేసి ఇంకొకరి నెత్తిన పెట్టొచ్చు. లేదా తెలిసి తెలిసి భరించొచ్చు. ఈ నాలుగు గళ్ళూ నిండాలి. రాసింది ఆ చోటు యజమానికి ఇచ్చి, వాళ్ళేమన్నారో కూడా నాకు చెప్పాలండీ."

కృష్ణప్రియకు ఈ ఊళ్ళో తెలిసిన చోటు ఒక్కటే, హఫీజ్‌పేట్‌లో తానుండే లేడీస్ హాస్టల్. తెలిసిన చోటే గానీ తెలిసిన మనుషులున్న చోటు కాదు. అందరూ ఐటీ ఉద్యోగాలవాళ్ళు. చెవుల్లో ఇయర్‌ఫోన్లతో వస్తారు, చెవుల్లో ఇయర్‌ఫోన్లతోనే అన్నం తింటారు. గదిలో రెండో మంచం శ్రావణిది. ఆమెది రాత్రి షిఫ్టు. కృష్ణప్రియ లేచేసరికి ఆ మంచం మీద ముసుగు తన్నిన దుప్పటి కనబడుతుంది, పడుకునేసరికి మడతపెట్టిన దుప్పటి కనబడుతుంది. శ్రావణి గొంతు ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే కృష్ణప్రియ చెప్పలేకపోయేది.

రోజూ నాలుగు మాటలు మాట్లాడే మనిషి అంటూ ఉంటే, అది సక్కుబాయి. హాస్టల్ వంటమనిషి. వికారాబాద్ దగ్గర తండా నుంచి వచ్చి, భర్త పోయాక ఇక్కడే స్థిరపడింది. వంట డాబా మీద. వంటగది గోడకు ఆనించి ఒక రేకుల గది, అందులో ఆమె మంచం. కాలేజీ నుంచి రాగానే కృష్ణప్రియ డాబా ఎక్కేది. సక్కుబాయి గోంగూర తుంచుతుంటే తానూ ఒక కట్ట ముందుకు లాక్కునేది.

"ఏంది బిడ్డా, మొహం గిట్ల వాడిపోయింది?"

"ఏం లేదు పెద్దమ్మా. పొద్దున్నుంచి నోరు తెరిచే పనే పడలేదు."

"అయితే గీడ తెరువు. జర ఈ పప్పులో ఉప్పు చూడు."

అంతే. ఆ ఒక్క మాటకు ఆమె రోజంతా తేలికపడిపోయేది.

ప్రాజెక్టు మొదలుపెట్టాక అదే డాబా ఆమె కంటికి వేరుగా కనబడసాగింది. పెద్ద సిలిండర్లన్నీ రేకుల గది గోడవారనే నిలబెట్టి ఉన్నాయి. గొట్టం ఒకచోట పగిలి, గుడ్డపీలికతో చుట్టి ఉంది. కిందికి దిగడానికి ఒకటే మెట్ల దారి. వెనక మెట్లున్నాయి గానీ వాటి తలుపుకు తాళం, తాళానికి తుప్పు. మంట లేస్తే ముందు చుట్టుముట్టేది సక్కుబాయి మంచాన్నే. అది తోచిన రోజు కృష్ణప్రియ చేతిలోని ఆకు చేతిలోనే ఉండిపోయింది.

"భయం గాదా పెద్దమ్మా, వీటి పక్కన పండుకోడానికి?"

"భయమైతే యాడికి పోవాలె?" అని నవ్వేసింది సక్కుబాయి. ఆ మాట నవ్వులో కొట్టుకుపోయింది. కృష్ణప్రియ దాన్ని పట్టుకోలేదు.

ఆ పిల్ల చాలా శ్రద్ధగా రాసింది. సిలిండర్లు కిందికి దించి, ఆరుబయట ఇనుప జాలీలో పెట్టాలంది. గొట్టాలు మార్చాలంది, వెనక తలుపు తెరవాలంది. బీమా సంగతి రాసింది. మొదటి గడి ఒక్కటే ఖాళీగా మిగిలింది, అసలు ఆ పనే మానేయడం. ఏం రాయాలో తోచక, గడి నిండాలి కదా అని, "హాస్టల్లో వంట మానేసి భోజనం బయటి నుంచి తెప్పించుకోవచ్చు" అని రాసేసింది. రాసి, పేజీ తిప్పింది.

హాస్టల్ యజమాని పుణ్యవతి గుంటూరు వైపు మనిషి. మేరీమాత పటం కింద కుర్చీ వేసుకుని కూర్చుని, ఆ కాగితాలు కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. కసురుకుంటుందేమోనని కృష్ణప్రియ బిక్కుబిక్కుమంటూ నిలబడింది. ఆమె కసురుకోలేదు. కళ్ళజోడు తీసి, కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది.

"మంచిపని చేశావమ్మా. ఇంతమంది ఆడపిల్లల్ని పెట్టుకుని నేనెంత కళ్ళు మూసుకుని కూర్చున్నానో! చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?"

కృష్ణప్రియ ఆ రోజు గదిలోకి గాలిలో తేలినట్టు వెళ్ళింది. శ్రావణి నిద్రలో ఉండబట్టి గానీ, లేకపోతే తట్టి లేపి చెప్పేదే.

తర్వాతి వారం కాలేజీవాళ్ళు క్లాసందరినీ నాలుగు రోజులు ఊరి బయట సదస్సుకు తీసుకెళ్ళారు. తిరిగొచ్చి, కృష్ణప్రియ బ్యాగు మంచం మీద పడేసి డాబా ఎక్కింది. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. సిలిండర్లు లేవు, పొయ్యిలు లేవు. రేకుల గది లేదు. అది ఉన్న చోట సిమెంటు కొంచెం తెల్లగా, గుండు చేయించిన తలలా ఉంది. ఎవరిదో చుడీదార్ ఆరేసి ఉంది.

ఎలా మెట్లు దిగి పుణ్యవతి ముందు నిలబడిందో ఆ పిల్లకే తెలియలేదు. "సక్కుబాయి యాడుంది ఆంటీ?"

"వాళ్ళ కూతురింటికి, బోరబండకు వెళ్ళిపోయిందమ్మా. జీతం పైన ఇంకొంత ఇచ్చే పంపాను. జాలీలు, పైపులు అంటూ ఆ తతంగమంతా ఎందుకని, నువ్వే రాశావుగా, బయటి భోజనం మాట్లాడేశాను. పొయ్యే లేకపోతే ఇంక భయమెక్కడిది?"

కృష్ణప్రియ రాసిన వాటన్నిటిలో పుణ్యవతి ఎంచుకున్నది, ఆలోచించకుండా నింపిన ఆ ఒక్క గడిని.

బయటి నుంచి వచ్చే సాంబారు నీళ్ళలా ఉందని హాస్టల్లో అందరూ విసుక్కున్నారు. సక్కుబాయి ఎందుకు మానేసిందో ఒకరూ అడగలేదు. క్లాసులో కామేశ్వరరావు సారు కృష్ణప్రియ ప్రాజెక్టును లేచి నిలబడి మెచ్చుకున్నారు. "యజమాని వెంటనే అమలు చేశారంటే మాటలా అండీ!" అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇన్నాళ్ళూ ఆమె వైపు చూడని మొహాలు మొదటిసారి ఇటు తిరిగాయి. ఆ పిల్లకు మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆదివారం లోకల్ రైలెక్కి బోరబండలో దిగింది. వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతూ సందుల్లో పడి వెతికితే, ఒక పొడుగాటి ఇంటి చివరి గదిలో సక్కుబాయి దొరికింది. మనవడికి చొక్కా తొడుగుతోంది. అల్లుడు గడపలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు, పక్కకు జరగలేదు. కృష్ణప్రియ అతని కాళ్ళు దాటుకుని లోపలికి వెళ్ళాల్సి వచ్చింది.

సక్కుబాయి చాయ్ పెట్టి ఇచ్చింది. ఉప్పు చూడు, కారం చూడు అనలేదు.

"నువ్వు రాసినవంట గదా" అంది కాసేపటికి, గొంతు తగ్గించి.

"నీకేమన్నా అయితాదేమోనని భయపడి రాసినా పెద్దమ్మా. ఇట్లయితాదని అనుకోలా."

"భయం నాకూ ఉండె బిడ్డా. గ్యాసు వాసనొస్తే లేచి కూసునేదాన్ని. నువ్వు రాసుడు తప్పంటలేను. రోజూ నా పక్కన్నే కూసున్నవు గదా. ఒక్క మాట నాకు చెప్పకపోతివా? ఎట్ల రాస్తే ఏమైతదో ఇద్దరం ఆలోచన చేస్తుంటిమి."

ఆ కాగితాల్లో సక్కుబాయి పేరు కూడా లేదు. "వంటమనిషి" అని ఉంది. చాయ్ చల్లారిపోయింది. కృష్ణప్రియ లేచేటప్పుడు సక్కుబాయి ఆమె తల నిమిరింది గానీ, "మళ్ళ వస్తవా?" అని అడగలేదు. గడపలో అల్లుడు ఇంకా అట్లాగే కూర్చున్నాడు.

ఊరికే కూర్చుంటే ఈ బరువు దిగదని ఆ పిల్లకు అర్థమైంది. మర్నాడే పుణ్యవతి దగ్గరకు వెళ్ళింది. సిలిండర్లు కింద పెడితే సరిపోతుందని, వెనక ఖాళీ జాగాలో వంట చేయించవచ్చని, పాత సామాన్ల గది ఖాళీ చేస్తే మంచం పడుతుందని ఏకరువు పెట్టింది. పుణ్యవతి మొదట ససేమిరా అంది. కృష్ణప్రియ మర్నాడూ వెళ్ళింది, ఆ మర్నాడూ వెళ్ళింది. సాంబారు మీద ఫిర్యాదులు కూడా కలిసొచ్చి, చివరికి పుణ్యవతి మెత్తబడింది. "సరే, రమ్మను. ఆ చేతి వంట నాకూ కావాలిలే."

కృష్ణప్రియ పరుగున డాబా ఎక్కి ఫోన్ చేసింది. అటువైపు గిన్నెల చప్పుడు, ఆడవాళ్ళ నవ్వులు.

"పెద్దమ్మా, ఆంటీ ఒప్పుకునింది! కింద గది నీకే. వచ్చేయ్!"

"అయ్యో బిడ్డా, నేను పుప్పాలగూడల ఉన్న" అంది సక్కుబాయి. "ఆఫీసోళ్ళ క్యాంటీన్ల పని దొరికింది. నలుగురాడోళ్ళం ఒక్క గదిల ఉంటున్నం. పొద్దుగూకంగనే పని అయిపోతది, ఇగ ముచ్చట్లే ముచ్చట్లు. ఆ డాబా మీద అన్నేండ్లు ఒక్కదాన్నే ఎట్లున్ననో ఏమో! నా గురించి ఫికర్ చెయ్యకు. మంచిగ తిను, ఏం?"

"సరే పెద్దమ్మా" అంది కృష్ణప్రియ. ఇంకేదో అనబోయింది. ఇంతలో అక్కడెవరో "సక్కక్కా!" అని కేకేశారు. ఆమె "వస్తున్నా" అని వాళ్ళతో అంటుండగానే ఫోన్ ఆగిపోయింది.

కృష్ణప్రియకు సంతోషమే అయింది, నిజంగానే. ఎదురుగా అద్దాల మేడలన్నిటి మీదా ఎండ ఎర్రగా వాలుతోంది. సక్కుబాయికి తోడు దొరికింది. ఆ మాట చెప్పుకోవాలని మనసు కొట్టుకుంది గానీ, ఎవరికని చెబుతుంది? ఆరేసిన తన బట్టలు తీసి, మడతపెట్టి, ఆ మడతలు మళ్ళీ విప్పి మడతపెట్టింది. తర్వాత భోజనానికి కిందికి దిగింది.