మెరుగు పెట్టిన మాస్టారు

తెనాలిలో తెలుగు లెక్చరరుగా చేసి రిటైరైన వేంకటసుబ్రహ్మణ్యం గారికి తన పాండిత్యం మీద ఎంత నమ్మకమో, తన ముఖవర్చస్సు మీద అంతకు రెండింతల నమ్మకం. ఆ నమ్మకానికి రేపల్లెలో తూట్లు పడ్డాయి.

2006 వేసవిలో ఒక శిష్యుడి గృహప్రవేశానికి రేపల్లె వెళ్లి, భోజనాలకు ముందు అడగకుండానే పద్యాలు అందుకున్నారు. శిష్యుడి బావమరిది చేతిలో కొత్త డిజిటల్ కెమెరా ఉంది. "నన్ను చూడకండి మాస్టారూ, మామూలుగా ఉండండి" అంటూ ఫ్లాష్ మీద ఫ్లాష్ కొట్టాడు. వారం తిరక్కుండా ఫోటోలు ఇంటికొచ్చాయి. ఒకదాంట్లో పులిహోర ముద్ద సగం నోట్లో, సగం బయట. ఇంకోదాంట్లో ఆవలింత. పద్యం చదువుతున్న ఫోటోలో కళ్లు రెండూ నిప్పుకణికల్లా ఉన్నాయి, నుదురు నూనె రాసిన పెనంలా మెరుస్తోంది, వెనక గోడ మీద ఆయనకంటే లావుపాటి నీడ ఒకటి నిలబడి ఉంది.

"ఎవరివే ఇవి?" అన్నారు భార్యతో.

"మీవేనండి" అంది వేదవతమ్మ. "ఆ ఆవలింత నాకు బాగా పరిచయం."

సరిగ్గా అప్పుడే బాపట్ల నుంచి ఒక సాహితీ సమితి కార్యదర్శి గోపాలకృష్ణ ఫోన్ చేశాడు. మాస్టారికి సన్మానం చేస్తారట, ఫ్లెక్సీకి మంచి ఫోటో పంపాలట. పత్రికల్లో ఆయన వ్యాసాలు చదవడమూ, ఫోన్లో ఆ కంచు కంఠం వినడమూ తప్ప, మాస్టారిని బాపట్లలో చూసినవాళ్లెవరూ లేరు.

మాస్టారు రేపల్లె ఫోటోలు పట్టుకుని బోసు రోడ్డులో రిజ్వాన్ స్టూడియోకి వెళ్లారు. రిజ్వాన్ కొత్తగా కంప్యూటర్ కొని, ఫోటోలకు మెరుగులు దిద్దడం నేర్చుకుని ఉన్నాడు. పాస్‌పోర్ట్ ఫోటో కోసం వచ్చిన రైతుని కూడా హీరోని చేసి పంపుతున్నాడు.

"తప్పు మీ మొహానిది కాదు సార్, వెలుతురుది" అన్నాడు. "ఫ్లాష్ ఎదురుగా మొహాన కొడితే ఎవరైనా పోలీసులకి దొరికిన దొంగలాగే ఉంటారండి."

"అదీ మాట! నువ్వు మాత్రం నేను చూడనట్టు తియ్యాలి. సహజంగా ఉండాలి."

ఆ సహజత్వాన్ని తయారుచెయ్యడానికి మధ్యాహ్నమంతా పట్టింది. రిజ్వాన్ ఫ్లాష్ తలని తెల్లటి సీలింగు వైపు తిప్పాడు. వెలుతురు పైనుంచి మెత్తగా దిగింది. నీడ పడే చెంప పక్కన థర్మోకోల్ షీటు నిలబెట్టాడు, నుదుటికి పౌడరు అద్దాడు, మాస్టారిని గోడకి దూరంగా జరిపాడు.

"నవ్వండి సార్. అబ్బే, అలాక్కాదు. ఎవరో ఏదో అంటే నవ్వొచ్చినట్టు."

చివరికి ఒక ఫోటో నిజంగానే బాగా వచ్చింది. ముడతలు ఉన్నాయి, బట్టతల ఉంది, కళ్లలో మాత్రం చక్కటి మెరుపు. ఇద్దరిలో ఒక్కరికి బుద్ధి ఉన్నా కథ అక్కడితో అయిపోయేది.

"కళ్ల కింద సంచులు తీసేద్దామా సార్?" అన్నాడు రిజ్వాన్, మౌసు పట్టుకుని ఉత్సాహంగా.

"తీసెయ్."

"మెడ దగ్గర ఈ వేలాడేది?"

"అదెందుకింక? దాన్నీ తీసెయ్."

చెవుల పైనున్న జుట్టుని కాపీ చేసి రిజ్వాన్ నడినెత్తిన నాటాడు. రంగు రెండు ఛాయలు తేల్చాడు. "ఇంకొంచెం" అని మాస్టారు అన్నప్పుడల్లా ఐదేళ్లు రాలిపోయాయి. ఆఖరికి తెరమీద నలభై ఏళ్ల యువపండితుడు ఎటో చూస్తూ నవ్వుతున్నాడు.

"అచ్చం నేనే" అన్నారు మాస్టారు.

సన్మానం రోజున దంపతులు బాపట్లలో రైలు దిగి సభ జరిగే హాలుకి చేరారు. గుమ్మం దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ. గోపాలకృష్ణ పరుగున ఎదురొచ్చాడు.

"రండి బాబాయ్‌గారూ! సార్ వెనకాల వస్తున్నారా? మీరు వాళ్ల నాన్నగారు కదండీ! పోలిక కొట్టొచ్చినట్టుంది!"

మాస్టారు నోరు తెరిచారు. అది నేనే అంటే, ఇక్కడున్న జనమంతా ఒకసారి ఫ్లెక్సీని, ఒకసారి తనని చూస్తారు. ఆ ఊహకే మాట మార్చేశారు.

"అబ్బాయికి... కాస్త జ్వరం" అన్నారు.

"ఏమండీ!" అంది వేదవతమ్మ. ఈలోగా ఒక పెద్దావిడ వచ్చి ఆమెకి బొట్టు పెట్టి, "ఎంత గొప్ప కొడుకుని కన్నావు తల్లీ!" అంటూ కళ్లు ఒత్తుకుంది.

కొడుకు తరఫున తండ్రికి శాలువా కప్పారు. రెండు ముక్కలు మాట్లాడమన్నారు. మైకు అందేసరికి మాస్టారికి ఒక సౌకర్యం తెలిసొచ్చింది. తన గురించి తాను చెప్పుకుంటే జనం నవ్వుతారు, కొడుకు గురించి చెబితే చప్పట్లు కొడతారు. ఇక ఆగలేదు. తమ వాడి ధారణ, తమ వాడి వినయం, తమ వాడికి రావలసి రాకుండా పోయిన బిరుదులు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పారు. ఫోన్లో విన్న కంచు కంఠం కొడుక్కి తండ్రి నుంచే వచ్చిందనుకున్నాడు గోపాలకృష్ణ. పక్కన వేదవతమ్మ తల వంచుకుని కూర్చుంది. పుత్రోత్సాహం కాబోలనుకున్నారు సభలో.

తిరుగు రైల్లో నిడుబ్రోలు దాటాక వేదవతమ్మ ఆ శాలువాని మడతపెట్టి ఆయన ఒళ్లో పెట్టింది.

"పెళ్లయిన ఇన్నేళ్లకి నాకు నేనే అత్తగారినయ్యాను" అంది అప్పుడు.

మర్నాడు పత్రికలో ఫోటో పడింది. విలేకరి ఫ్లాష్ ఎదురుగానే కొట్టాడు. కింద "కుమారుని తరఫున సన్మానం స్వీకరిస్తున్న తండ్రి, పక్కన మాతృమూర్తి" అని వేశారు. మాస్టారు ఆ కాగితంతో రిజ్వాన్ మీదికి వెళ్లారు.

"నా వయసు నాకు పెట్టెయ్!"

"అలాగే సార్. ముడతలు పెట్టడం కూడా నేర్చుకున్నానండి. ఎంత వయసు పెట్టమంటారు?"

ఆయన మండిపడుతూ ఇంటికి వచ్చేసరికి వేదవతమ్మ ఫోన్లో ఉంది. అవతల గోపాలకృష్ణ. అబ్బాయిగారికి జ్వరం తగ్గిందా, మళ్లీ ఎప్పుడు రాగలరు అని అడుగుతున్నాడు.

మాస్టారు గబగబా చేతులూపారు. చెప్పొద్దని సైగ.

"మాకున్నది ఒక్క ఆడపిల్లే నాయనా" అంది ఆమె, ఆ చేతుల వంకే చూస్తూ. "మీరు శాలువా కప్పింది మా ఆయనకే."

గోపాలకృష్ణ వెంటనే అడిగాడు. "మరి ఆ ఫ్లెక్సీలో ఉన్నాయన ఎవరండీ?"

"నాకూ తెలీదు నాయనా. ఆయనెవరో దొరికితే ఈసారి ఆయన్నే పిలుచుకోండి" అని ఫోన్ పెట్టేసింది.