నిజం కాగితం

పాత పళ్ళ బ్రష్షుతో, మెదడు గీతలు తీసే టోపీలోని ఒక్కో రంధ్రాన్నీ తోముతోంది లోర్నా. మొత్తం అరవై నాలుగు. నిన్న ఎవరి తలకో పూసిన జెల్లు ఎండి పొలుసులు కట్టింది. పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని కావడంతో ఆమె వేళ్ళ చివర్లు ఎప్పుడూ నాని ముడతలు పడి ఉంటాయి. హోబార్ట్ ఊరి పక్క కొండ మీద ఆ ఉదయం మంచు పడింది. ఆమె కిటికీ వైపు చూడనైనా లేదు. నెవిల్ కోసం కడిగి ఆరబెట్టిన పెద్ద టోపీ మీదే ఉంది చూపంతా. పదిన్నరకి వస్తాడు. ఈ రోజు అతనికి నిజం చెప్పేయవచ్చు.

చిరాకు పుడితే కోపిష్ఠుల మెదడు ఏం చేస్తుందో, నెమ్మదస్తుల మెదడు ఏం చేస్తుందో చూసే ప్రయోగశాల అది. తెర మీద చుక్క వెలగగానే బొత్తాం నొక్కాలి. ఆట సగంలో ఉండగా లోర్నా గోడ అవతల నుంచి ఆ బొత్తాన్ని చంపేస్తుంది. తెర మాత్రం "ఆలస్యం చేశారు" అంటూనే ఉంటుంది. వారం తర్వాత రెండో ఆట కూడా అయ్యాక ఆమె వాళ్ళకి నిజం కాగితం చదివి వినిపిస్తుంది. "బొత్తాన్ని మేమే ఆపాం, మీ లోపం ఏమీ లేదు" అని. ముందే చెప్పేస్తే రెండో రోజు చిరాకు పుట్టదు కాబట్టి, అదీ నియమం.

పోయిన గురువారం వచ్చాడు నెవిల్ స్కెరిట్. డెబ్బై రెండేళ్ళు, బస్సు డ్రైవరుగా చేసి మానేశాడు. ప్రశ్నల కాగితంలో "కోపం రాదు" దగ్గర పెద్ద టిక్కు పెట్టాడు.

"ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు తోలాను. కోపమే ఉంటే ఈపాటికి జైల్లో ఉండేవాణ్ణి" అన్నాడు. జెల్లు పూస్తుంటే, "జాగ్రత్తమ్మాయ్, ఉన్న నాలుగు వెంట్రుకలూ మా ఆవిడ లెక్కపెట్టి పంపింది" అన్నాడు. అరవై ఒకటో ఏట అమ్మాయ్ అనిపించుకుని లోర్నా నవ్వేసింది. అతను గాలం కొక్కేనికి ఈకలూ దారమూ చుట్టి, ట్రౌటు చేపలకు ఎరగా అచ్చం ఈగల్లాంటివి కడతాడట. వచ్చే వారం ఆమెకొకటి తెస్తానన్నాడు.

బొత్తాం చచ్చాక కాసేపు, "మీ పెట్టె నిద్రపోతోందమ్మాయ్" అని వెటకారమాడాడు. తర్వాత బొత్తాన్ని మరీ మరీ నొక్కాడు. మొహం మీద నవ్వు అలాగే ఉంది. అతని మెదడు గీతలు మాత్రం కుర్చీని తన్ని లేచిపోయేవాళ్ళ గీతల కన్నా ఎక్కువగా ఎగిరిపడ్డాయి. అలాంటి గీతల్ని లోర్నా మరొక్కసారే చూసింది. అవి తనవే. చేరిన కొత్తలో ఆమె తలకే టోపీ పెట్టి చూసిన డాక్టరు, "మొహం టీ తాగుతున్నట్టుంది, లోపల కొంప తగలబడుతోంది" అన్నాడు. నిజమే. తల్లి దెప్పుళ్ళకి ఒక్కనాడూ బదులు చెప్పలేదు ఆమె. ఉండిపొమ్మని ఒక్క మాట అడగలేక, ప్రేమించిన మనిషిని ఓడ ఎక్కించి ఇంటికొచ్చేసింది.

వెళ్ళేముందు నెవిల్ తన కుడిచెయ్యి చూసుకున్నాడు. "మా నాన్నకీ వయసు మీదపడ్డాక ముందు చేతులే పోయాయి, చెప్పిన మాట వినేవి కావు" అన్నాడు. నిజం ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. "గురువారం తప్పకుండా రండి" అంది, అంతే.

ఇప్పుడు పదిన్నర దాటి పావుగంటయింది. తలుపు తీసుకుని వానకోటుతో ఒక ముసలావిడ వచ్చింది.

"నెవిల్ భార్యని, డాఫ్నీని. ఫోన్లో చెప్పే మాట కాదని వచ్చాను." ఆవిడ కూర్చుంది. "ఆదివారం పొద్దున, టీ కప్పు ముందు పెట్టుకుని... గుండె ఆగింది. ఎవరినీ ఎదురు చూసేలా చేయకూడదు అనేవాడు ఎప్పుడూ."

లోర్నా చేతిలోని టోపీ ఒళ్ళోకి జారింది.

"గురువారం ఇక్కణ్ణుంచి వచ్చిన సాయంత్రమే మీకోసం ఒక ఈగ కట్టడం మొదలెట్టాడమ్మా. రెండు చుట్లు చుట్టి ఆపేశాడు. చేతులు పోయాయే అన్నాడు. నాకైతే వణుకేం కనబడలేదు. మర్నాడే ఆ ఈగలు కట్టే సామానంతా పక్కింటాయనకి ఇచ్చేశాడు. నలభై ఏళ్ళ సామాను." డాఫ్నీ సంచిలోంచి అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టింది.

లోర్నా నిజం కాగితం తీసింది. కంఠతా వచ్చిన కాగితమే, అయినా చూసి చదివింది.

"అయితే ఆయన చేతులు బాగానే ఉన్నాయన్నమాట."

"బాగానే ఉన్నాయండీ."

"ఆ రోజే చెప్పాల్సింది కదమ్మా."

తిట్టినా బాగుండేది. డాఫ్నీ తిట్టలేదు. కోటు గుండీలు పెట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మొదటి ఆటకి వచ్చిన ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ లేచింది. ఆమె తల కడుక్కునేలోపే లోర్నా నిజం మొత్తం చెప్పేసింది. గుమ్మంలో డాక్టరు నిలబడి వింటూనే ఉన్నాడు. ఆమె ఆపలేదు. చెప్పాల్సిన మనిషికి చెప్పలేకపోయింది, ఆ దుఃఖం దీంతో తీరేది కాదు.

సాయంత్రం టోపీలన్నీ కడిగింది, ఎవరూ పెట్టుకోని ఆ పెద్ద టోపీతో సహా. తర్వాత అగ్గిపెట్టె తెరిచింది. కొక్కేనికి ఒక గోధుమరంగు ఈక, దాని చుట్టూ రెండు చుట్ల దారం. రెండూ బిగువుగా, ఒకదాని పక్కన ఒకటి, వెంట్రుకవాసి ఎడం లేకుండా ఉన్నాయి.