ఎడమచేతి వేలు

మా నాన్న కాలి కట్టులో చీమలు కనిపించిన రోజుకి నాకు నలభై ఏళ్ళు. ఆయన బొటనవేలు అప్పటికే తీసేశారు. గదిలో డెట్టాల్ వాసన కింద ఇంకో వాసన ఉండేది, పగిలి రెండ్రోజులైన పనసపండు వాసన లాంటిది. చీమల బారు మంచం కోడు ఎక్కి దిండు కిందికి పోతోంది. దిండెత్తితే నలిగిన పూతరేకులు మూడున్నాయి.

"ఇవెక్కడివి నాన్నా?" అన్నాను.

"నాకు తెలీదురా."

ఆయన పెదవి మీద పంచదార పొడి ఉంది. మీసం చివర కూడా. ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. ఆ కాలిని మరిచిపోగలిగాను గాని, ఆ పెదవితో ఆయన ఆడిన అబద్ధాన్ని మరిచిపోలేకపోయాను.

మాది ఆత్రేయపురం. నేను పక్క ఊరి హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆవిడ శ్రీదుర్గ ఇంట్లోనే పూతరేకులు చుట్టించి షాపులకి వేస్తుంది. ఏప్రిల్లో నాకూ షుగరు తేలింది, పరగడుపున రెండు వందల పది. రాజమండ్రిలో డాక్టరు నా రిపోర్టు కన్నా ముందు నా పొట్ట వంక చూశాడు.

"ఒక మాత్ర రాస్తున్నానండి మాస్టారు. మిగతాది మీరే చెయ్యాలి. పది కిలోలు తగ్గండి, రోజూ గంట నడవండి. నాలుగు నెలలు చూద్దాం. దిగకపోతే ఇన్సులిన్ మొదలుపెడదాం."

ఇన్సులిన్ వేసుకుని హాయిగా తిరిగే వాళ్ళు మా స్టాఫ్ రూములోనే ఇద్దరున్నారు. అది నాకు తెలుసు. అయినా ఆ మాట వినగానే నా ముక్కుకి తగిలింది ఆ గది వాసన. ఆగస్టు మొదటి సోమవారం లోపల ఆ అంకె దిగాలి. దిగకపోతే నేను ఆ మంచం మీదికి మొదటి అడుగు వేసినట్టే అనుకున్నాను.

ఆ రోజు స్నానాల గదిలో మొదటిసారి నన్ను నేను పూర్తిగా చూసుకున్నాను. తొంభై ఒక్క కిలోలు. పొట్ట మడత ఎత్తితే కింద చర్మం తడిగా, పాలిపోయి, ఎప్పుడూ ఎండ తగలని జీవిలా ఉంది. అది నాది కాదనిపించింది. ఎవరో నాకు కట్టి వెళ్ళిపోయిన మూట.

నడక మొదలుపెట్టాను. తెల్లవారగానే కాలవగట్టు మీద లొల్ల లాకుల వైపు. మొదట్లో నాతో నలుగురు వచ్చేవారు. వాళ్ళు ఆయాసపడుతూ షుగరు గురించే మాట్లాడేవారు, తిరిగొస్తూ టిఫిన్ బండి దగ్గర ఆగి ఉప్మా పెసరట్టు తినేవారు. నెయ్యి కారుతున్న వేళ్ళు నాకుతూ, "నడిచాం కదండి, అరిగిపోద్దిలెండి" అనేవారు. ఆ వేళ్ళు చూడలేక మొహం తిప్పుకునేవాణ్ణి. పది రోజుల్లో వాళ్ళని తప్పించుకుని అరగంట ముందే వెళ్ళడం నేర్చుకున్నాను.

అన్నం మానేసి ఉదయం రాగి జావ, మధ్యాహ్నం రొట్టె, కూర. అందరూ నా మనోబలం అన్నారు. నాకు బలమేమీ లేదు. తీపి చూస్తే చీమలు గుర్తొచ్చేవి, అంతే. జూన్ నెలాఖరుకి ఎనభైకి దిగాను. ఇంట్లో షుగరు చూసుకునే మీటర్లో నూట పన్నెండు. నోటుబుక్కులో ఆ అంకె కింద ఎర్ర గీత గీసుకున్నాను, పిల్లవాడికి మంచి మార్కు వేసినట్టు.

జూలైలో వానలు పట్టాయి. పెరట్లో పాకలో రేకులు చుట్టే పని ముందు వరండాలోకి మారింది. శ్రీదుర్గ, పనికొచ్చే రత్నమాణిక్యం, సారిక ముగ్గురూ చాప మీద కూర్చుని తడిగుడ్డ మీద రేకు పరిచి, నెయ్యి రాసి, పొడి చల్లి మడతపెట్టేవారు. గుమ్మం పక్క బల్ల మీద పెద్ద గిన్నె నిండా పంచదార పొడి. నేను నడక నుంచి వచ్చి కుడిచేత్తో తడి గొడుగు పట్టుకుని లోపలికి అడుగుపెట్టగానే ముగ్గురూ మాటలాపి చేతుల్లోకి చూసుకునేవారు. నేను గది దాకా వెళ్ళేసరికి వెనక గిన్నెలో గరిటె చప్పుడయ్యేది.

గదిలో కూర్చుని, ఎడమచేతి వేలు పంచె అంచుకి తుడుచుకుని, సూదితో పొడుచుకునేవాణ్ణి. నూట అరవై ఎనిమిది. మర్నాడు నూట తొంభై. తర్వాత రెండు వందల నాలుగు.

నడక పెంచాను. రాత్రి రొట్టె ఒకటి మానేశాను. బరువు ఇంకో కిలో తగ్గింది, అంకె మాత్రం పెరిగింది. లెక్కల మాస్టార్ని. రెండు వైపులా సరిపోకపోతే ఎక్కడో ఎవరో ఏదో కలిపారు. ఒక ఉదయం జావ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను.

"ఇందులో బెల్లం వేస్తున్నావా దుర్గా?"

ఆమె పొయ్యి దగ్గర నుంచి తిరగలేదు. "ఉప్పు, మజ్జిగ. తాగితే తెలీదా మీకు?"

"చిక్కిపోయానని ఊళ్ళో అంటున్నారు కదా. నీకు నామోషీగా ఉంది."

"అంటున్నారు. పక్కింటి సంపూర్ణమ్మగారు మొహం మీదే అడిగారు, 'ఊరందరికీ తీపి పెడతావు, మొగుణ్ణి మాత్రం పస్తులుంచుతావేంటమ్మా' అని. అయితే ఏంటి? ఆవిడ కోసం మిమ్మల్ని చంపుకుంటానా?"

"మరి అంకె ఎలా పెరుగుతోంది?"

అప్పుడు తిరిగి నా వంక చూసింది. ఆ చూపు నా మొహం మీద నిలవలేదు. నా చేతి దాకా దిగి అక్కడ ఆగింది. తప్పు చేసినవాళ్ళు కళ్ళలోకి చూడలేరని నేను తరగతిలో పిల్లల దగ్గర నేర్చుకున్నాను.

"మీకు తెలీదా?" అంది.

ఆ ప్రశ్నే నాకు ఒప్పుకోలులా వినిపించింది.

ఆ రోజు నుంచి నా జావ నేనే కాచుకున్నాను. రాగిపిండి డబ్బా తెచ్చి పరీక్ష పేపర్లున్న బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆమె ముట్టిన గ్లాసు మళ్ళీ కడిగేవాణ్ణి. నెయ్యి జిడ్డుతో మెరిసే ఆమె వేళ్ళు చూస్తే పదిహేడేళ్ళ కాపురమంతా ఒక అంటుకునే పదార్థంలా అనిపించేది. పన్నెండు రోజులు. ఆమె నా పొయ్యి పని అయ్యేదాకా వంటింటి బయట నిలబడేది. అంకె రెండు వందల పదహారుకి వెళ్ళింది. అప్పుడు ఉప్పుని అనుమానించాను.

ఆగస్టు మొదటి సోమవారం రాజమండ్రి వెళ్ళాను. ముందురోజే రక్తం ఇచ్చి ఉన్నాను. డాక్టరు రిపోర్టు ఒక చేత, నా నోటుబుక్కు ఒక చేత పట్టుకుని చాలాసేపు చూశాడు.

"మాస్టారూ, మీ మూడు నెలల సగటు ఆరు పాయింట్ రెండు. నిన్నటి పరగడుపు నూట ఎనిమిది. ఇన్సులిన్ మాటే లేదు. మరి ఈ పుస్తకం ఎవరిదండి?"

నాదేనన్నట్టు అట్ట మీద నా పేరు చూపించాను.

"వేలు కడుక్కుని పొడుచుకుంటున్నారా?"

"తుడుచుకుంటున్నానండి."

"తుడిస్తే చాలదు. సబ్బుతో కడగాలి. మీది ఏ ఊరన్నారు?"

"ఆత్రేయపురం. ఇంట్లో రేకులు చుడతారండి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "ఇంకేం. మీ వేలికి షుగరొచ్చింది, మీకు కాదు."

బస్సులో ఇల్లు చేరేదాకా నేను సంతోషంగానే ఉన్నాను. పొడి గాలికి ఎగురుతుంది, తలుపు గొళ్ళేనికి అంటుతుంది, వేలికి అంటుతుంది. ఎంత తేలిక. శ్రీదుర్గకి ఏం చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. అందులో క్షమాపణ ఉంది, చిన్న హాస్యం కూడా ఉంది.

ఇంటికొచ్చేసరికి ఆమె పెరట్లో ఉంది. వరండాలో రత్నమాణిక్యం ఒక్కతే మడతలు పెడుతోంది. పాతికేళ్ళుగా మా ఇంట్లో చేస్తోంది, మా నాన్నకి గంజి పట్టిన మనిషి. రిపోర్టు సంగతి చెప్పాను.

"మంచిదే కదండి."

"మీ పొడి గాల్లో ఎగిరి నా వేలికి అంటుకుంటోందట."

ఆమె మడత ఆపింది. "ఎగరటమేంటండి మాస్టారూ. రోజూ లోపలికొస్తా గిన్నెలో వేలు పెడతారు కదా."

"ఎవరు?"

"మీరేనండి. కుడిచేత్తో గొడుగుంటది. ఎడమచేతి వేలు ఇలా ముంచి, నాలిక్కి రాసుకుని లోపలికి పోతారు. మాకు మొదట్లో నవ్వొచ్చింది. తర్వాత అమ్మగారు నవ్వొద్దన్నారు. మీరెళ్ళగానే పైపొర గరిటెతో తీసి పారబోస్తారు. ఎడమచెయ్యి కదండి. అమ్మే సరుకాయె."

నేను నా చెయ్యి చూసుకున్నాను. ఉదయం కాలవగట్టు మీద చెప్పు తెగితే సరిచేసుకున్న చెయ్యి. మిగతా పనులన్నీ చేసే చెయ్యి. దాన్ని నోట్లో పెట్టుకున్నట్టు నాకు ఒక్క జ్ఞాపకమైనా లేదు. గేటు తీయడం గుర్తుంది, చెప్పులు విప్పడం గుర్తుంది, గదిలో కుర్చీ గుర్తుంది. మధ్యలో నాలుగడుగులు లేవు. పెరటి గోడ దగ్గరికి వెళ్ళి వాంతి చేసుకున్నాను. నీళ్ళే వచ్చాయి.

శ్రీదుర్గ చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన నిలబడింది.

"నాకు తెలీదు దుర్గా."

"తెలిసే చేస్తున్నారనుకున్నాను. చేసి, బెల్లం నామీద పెట్టారనుకున్నాను."

"ఒట్టు. నాకు నిజంగా తెలీదు."

ఆమె చెంబులో నీళ్ళు నా చేతుల మీద పోసింది. తర్వాత మెల్లగా అంది. "మామగారు కూడా ఇదే మాట అనేవారు. కట్టు మార్చినప్పుడల్లా. నేను నమ్మలేదు, మీరూ నమ్మలేదు. ఇప్పుడు మిమ్మల్ని నమ్మితే ఆయన్నీ నమ్మాలి."

ఆయన పెదవి మీద తెల్లటి పొడి గుర్తొచ్చింది. ఆ రోజు నేను దిండు విసిరికొట్టాను. ఆయన నా వంక చూసిన చూపులో దొంగతనం ఉందని ఎనిమిదేళ్ళు అనుకున్నాను. అక్కడున్నది ఆశ్చర్యమే కావచ్చు.

"ఆ గిన్నె మీద మూత పెట్టు," అన్నాను.

"పని చేసేటప్పుడు మూతెలా పెడతారండి. గిన్నెకేం, అది ఉన్నచోటే ఉంటది. చెయ్యి మీది."

చెంబు గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం రాగిపిండి డబ్బా బీరువాలోంచి తీసి వంటింట్లో పెట్టాను. ఆమె చూసింది గాని ముట్టుకోలేదు.

మర్నాడు వాన లేదు. గొడుగు లేకుండా లాకుల దాకా నడిచి వచ్చాను. గేటు దగ్గర ఆగి, కుడిచేత్తో ఎడమచేతి వేళ్ళు వీపు వెనక గుప్పిట పట్టుకున్నాను. గుమ్మం దాకా ప్రతి అడుగూ చూసుకుంటూ నడిచాను. ముగ్గురూ మాటలాపి తలలెత్తి చూశారు. గిన్నె పక్కకి రాగానే నా గుప్పిట్లో ఆ వేలు చిన్నగా, దానంతట అదే కదిలింది.