ఇంజను వేడెక్కే దూరం

ఒక చెయ్యి భార్య వీపు వెనక, ఇంకో చెయ్యి మోకాళ్ళ కింద వేసి, మెట్ల మలుపు దగ్గర గోడకు ఆనుకుని ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాడు డ్రైవరు. ఆ మలుపు మరీ ఇరుకు. ఆమె పాదం ఇనుప కమ్మీకి తగలకూడదంటే తను పక్కకు ఒరగాలి. ఒరిగితే నడుము కలుక్కుమంటుంది. రెండూ తప్పించే కోణం ఒకటుంది. ఆదివారం ఆదివారం దాన్ని కొత్తగా వెతుక్కోవాల్సి వస్తోంది. కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ అప్పటికే వీధిలోకొచ్చి కారు తలుపు తెరిచి పట్టుకుంది.

“కొత్త పెళ్ళికూతుర్ని ఎత్తుకొస్తున్నట్టుందన్నా!” అంది.

“అప్పుడు ఎత్తుకోనిచ్చిందా ఏమన్నా? ఇన్నాళ్ళకి చేతికి చిక్కింది,” అన్నాడు రొప్పుతూనే.

భార్య నోటి ఎడమ కొస పైకి లేచింది. కుడి కొస లేవదు. ఆ సగమే ఆమె నవ్వు.

ముందు సీటు మీద ఇంటి నుంచి తెచ్చిన దుప్పటి పరిచి, దాని మీద ఆమెను కూర్చోబెట్టి, బెల్టు పెట్టాడు. పడిపోయిన కుడి చేతిని తీసి ఒళ్ళో సర్దాడు. కారు అతను పనిచేసే డాక్టరమ్మది. దుప్పటి తనది. తిరిగొచ్చాక మడత పెట్టి తీసేస్తే సీటు మీద ఎవరూ కూర్చోనట్టే ఉంటుంది. ఇంజను మొదలవగానే ఆమె ఎడమ చేత్తో కారు తలుపును రెండుసార్లు తట్టింది.

“రైట్,” అంది.

ఒకప్పుడు దూరపు బస్సుల్లో కండక్టరు ఆమె. ఒక చేత్తో పైకమ్మీ పట్టుకుని, ఎన్ని కుదుపులొచ్చినా తూలకుండా బస్సంతా తిరిగి టిక్కెట్లు కొట్టేది. తాగొచ్చి గొడవ చేసేవాళ్ళను నడిరోడ్డు మీద దింపేసి “రైట్” అనేది. అతను అప్పట్లో లారీ నడిపేవాడు. దార్లో ఏదో టీకొట్టు దగ్గర ఇద్దరి బళ్ళూ పక్కపక్కన ఆగిన రోజున, ఆ మాట పలికిన గొంతు విని తలెత్తి చూశాడు. అంతే, పడిపోయాడు. ఆమెకు జబ్బు చేసి మాట పడిపోయాక మిగిలిన నాలుగైదు మాటల్లో అదొకటి. ఎందుకు మిగిలిందో ఆస్పత్రిలో ఎవరూ చెప్పలేకపోయారు.

లారీ ఎక్కితే ఇంటికి ఎప్పుడొస్తాడో తనకే తెలియదు. మధ్యాహ్నం వచ్చి ఆమెకు అన్నం పెట్టాలి, పక్క మార్చాలి, ఒత్తిగిలించాలి. అందుకని దగ్గర్లో పని వెతుక్కున్నాడు. పళ్ళ డాక్టరమ్మ కారు దొరికింది. డాక్టరమ్మ ఇంటికీ ఆస్పత్రికీ మధ్య దూరం ఎంతంటే, రేడియోలో పాట మొదలైతే చరణం రాకముందే దిగిపోవచ్చు. ఆ తర్వాతదంతా ఆస్పత్రి కింద కార్లు పెట్టే నేలమాళిగ. అక్కడ పగలూ రాత్రీ ఒక్కటే ట్యూబులైటు. నెత్తిమీద తడి చెమర్చే గొట్టాలు. గోడ మీద బయటికి దారి చూపించే బాణం గుర్తు. మడత కుర్చీ వేసుకుని ఆ బాణానికి ఎదురుగా కూర్చుంటాడు. డాక్టరమ్మ దిగే వేళకు కారు లోపల చల్లగా ఉండాలి కాబట్టి ముందే ఇంజను వేసి నిలబెట్టాలి. కొండలు ఎక్కగల టర్బో ఇంజను అది. నిలబడి గుర్రుమంటూ ఉండేది.

కిందటేడు ఆ కారుకు వణుకు పట్టుకుంది. సిగ్నలు దగ్గర ఆగితే ఇంజను తెరలు తెరలుగా దగ్గేది. పొద్దున్నే స్టార్టు కావడానికి మొరాయించేది. డ్రైవరు తన జేబులోంచే కొని, ఇంజను శుభ్రం చేస్తుందని రాసున్న మందు సీసాలు పెట్రోలు ట్యాంకులో పోశాడు. బిడ్డకు టానిక్కు పట్టినట్టు పోశాడు. చివరికి మెకానిక్కు పైభాగం విప్పి, సన్నటి గొట్టం చివర కెమెరా పెట్టి, లోపల గాలి వెళ్ళే వాల్వులను చూపించాడు. మాడిన గిన్నె అడుగులా ఉన్నాయి. వాటి కాడల చుట్టూ మసి గడ్డలు కట్టి, గాలి దారి సగం మూసుకుపోయింది.

“పాత బళ్ళల్లో పెట్రోలు ఈ వాల్వుల మీదుగా పోయి వాటిని కడిగేది,” అన్నాడు మెకానిక్కు. “ఇందులో పెట్రోలు తిన్నగా లోపలే చిమ్ముతుంది. వీటిని తాకదు. ఆయిలు ఆవిరి మాత్రం ఇటొచ్చి, అంటుకుని, మాడుతుంది.”

“మరి నేను పోసిన మందు?”

“వీటి దాకా వస్తేగా పనిచెయ్యడానికి! పెట్రోలుతో పాటే పోయింది.”

పిండిలా దంచిన అక్రోటు పెంకులను గాలితో కొట్టి మసి రాల్చాడు మెకానిక్కు. మళ్ళీ పట్టకుండా ఏం చెయ్యాలో డాక్టరమ్మకు కూడా చెప్పాడు. ఆయిలు మంచిది వాడాలి, గడువు దాకా ఆగకుండా మార్చాలి. ఆయిలు ఆవిరిని దారిలోనే పట్టే డబ్బా బిగించాడు. ఊరికే నిలబెట్టి ఇంజను తిప్పొద్దన్నాడు. “వారానికొకసారన్నా గంటసేపు పెద్ద రోడ్డు మీద పరిగెత్తించాలమ్మా. ఒళ్ళంతా వేడెక్కాలి. ఈ ఇంటికీ ఆస్పత్రికీ తిరిగితే దీనికి చలి కూడా వదలదు.”

“నేను పేషెంట్లకు చెప్పే మాటలన్నీ దీనికి చెప్తున్నావే,” అని నవ్వింది డాక్టరమ్మ. ఆదివారం పొద్దున్న ఆ పని డ్రైవరు చూసుకోవాలని ఒప్పందం. పక్క సీటు గురించి ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

ఊరి చివరి గోడౌన్లు దాటాక రోడ్డు తెరుచుకుంది. కింది గేరులో ఉంచి ఇంజను గొంతు పెంచాడు. ఎక్కడా తడబాటు లేదు. ఆమె కిటికీ దింపమని సైగ చేసింది. గాలి వచ్చి తలక్లిప్పు జార్చి, నెరిసిన ముంగురులు మొహం మీద పడేసింది. సర్దుకోకుండా అలాగే కూర్చుంది. ఎదురుగా వచ్చే బస్సును చూసి చెయ్యెత్తింది. ఆ బస్సు నడిపేది ఎవరో, అతనూ ఎత్తాడు.

“చూశావా, నీకింకా సర్వీసు ఉంది,” అన్నాడు డ్రైవరు.

పెట్రోలు బంకు దగ్గర వెనక్కి తిరగాలి. తిరిగితేనే గంటలో ఇల్లు. ఎప్పటిలా వేగం తగ్గించి పక్కకు తీస్తుంటే ఆమె అతని మణికట్టు పట్టుకుంది. ఎడమ చేతిలో ఆ పట్టు ఇంకా కండక్టరుదే.

“అటు,” అంది. ముందున్న రోడ్డు చూపించింది. దూరంగా ఏటి వంతెన గీతలా కనబడుతోంది. ఆ వంతెన మీదుగా ఆమె ఎన్ని వందలసార్లు పోయిందో!

“టైము లేదే. డాక్టరమ్మ అడుగుతుంది.”

“అటు.”

“వచ్చే ఆదివారం తెల్లారకముందే బయల్దేరదాం. వంతెన దాటి, అవతల కారు ఆపి కూర్చుందాం. సరేనా?”

ఆమె అతని మొహంలోకి చూసింది. “మాట?”

“మాట.”

పట్టు వదిలింది. తిరుగుదారంతా కళ్ళు మూసుకునే ఉంది. నిద్ర కాదని అతనికి తెలుసు. మెట్లు ఎక్కేటప్పుడు మాత్రం మెడ చుట్టూ చెయ్యి వేసింది. మంచం మీద పడుకోబెట్టి, కిటికీ వైపు ఒత్తిగిలించి, దుప్పటి మడిచి కాళ్ళ దగ్గర పెట్టి బయల్దేరాడు. ఆ కిటికీలోంచి పక్కింటి గోడ కనబడుతుంది.

డాక్టరమ్మ ఇంటి గేటు దగ్గర కొత్త మనిషొకాయన నిలబడి ఉన్నాడు. డ్రైవరు దిగగానే ఆయన బానెట్టు తీయించి, ఇంజను మీదకు చెవి వంచాడు.

“కొత్తదాని మల్లే ఉందండీ! చాలా బాగా చూసుకున్నారు,” అన్నాడు డాక్టరమ్మతో.

“అంతా ఇతని చలవే,” అంది ఆవిడ. తర్వాత డ్రైవరు వైపు తిరిగింది. “నీకు చెప్దామనుకుంటూనే పనుల్లో పడి మర్చిపోయా. దీన్ని ఈయనకు ఇచ్చేస్తున్నాం. బుధవారం కరెంటు కారొస్తోంది.”

“కరెంటుదా మేడం?”

“ఆఁ. అందులో వాల్వులూ లేవు, మసీ లేదు. ఎంతసేపు నిలబెట్టినా ఏం కాదట. నీకూ ఆదివారం తిప్పలు తప్పాయి. హాయిగా ఇంటిపట్టున ఉండు.”

అతను తాళంచెవి అరచేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

“మీ ఆవిడని తీసుకెళ్తున్నావని తెలుసులే,” అంది గొంతు తగ్గించి. “మీ ఎదురింటివాళ్ళు ఆస్పత్రికొచ్చినప్పుడు చెప్పారు. నేనేమైనా అన్నానా?”

“లేదు మేడం.”

“బాగుందా ఆమెకి?”

“బాగుంది మేడం.”

అప్పుడే అడగాలి. కొత్త కారును కూడా ఆదివారం ఒక్క గంట ఇస్తారా అని. ఇన్నాళ్ళూ ఇంజను కోసమని ఎంత తేలిగ్గా అడిగాడు! ఆయిలు మార్చాలంటే అడిగాడు, డబ్బా బిగించాలంటే అడిగాడు. ఇప్పుడు ఏమని అడగాలో తెలియలేదు. కారుకు అక్కర్లేదు. అక్కర ఎవరికో నోరు తెరిచి చెప్పాలి. డాక్టరమ్మ అప్పటికే ఫోను చెవిన పెట్టుకుని మెట్లెక్కుతోంది.

“రేపూ ఎల్లుండీ ఆటోలో వెళ్తాలే. నువ్వు బుధవారం మామూలు టైముకే వచ్చెయ్,” అంది వెనక్కి తిరగకుండానే.

కారు కొన్నాయనకు తాళంచెవి ఇచ్చాడు. “దీన్ని ఊరికే నిలబెట్టకండి సార్. వారానికోసారన్నా దూరం తిప్పండి.”

“వారానికోసారేంటి! నాది రోజూ ఊళ్ళు తిరిగే పనే. పొద్దున్న లేస్తే ఏటి వంతెన అవతలే,” అన్నాడాయన సంతోషంగా. కారులో ఉన్న సామాను తీసి ప్రహరీ గోడ మీద పెట్టాడు. డాక్టరమ్మ గొడుగు, చలువ కళ్ళద్దాల పెట్టె, చిల్లర బిల్లలు. తర్వాత వంగి, ముందు సీటు సందులో చెయ్యి పెట్టి ఇంకేదో తీసి వాటి పక్కనే పెట్టాడు.

కారు వీధి చివర మలుపు తిరిగింది. ఒక్క దగ్గు కూడా దగ్గలేదు. పనిమనిషి వచ్చి గొడుగూ, పెట్టె, చిల్లరా ఏరుకుని లోపలికి పట్టుకుపోయింది. గోడ మీద చివరికి మిగిలింది పళ్ళు విరిగిన నల్లటి తలక్లిప్పు ఒకటి. రెండు నెరిసిన వెంట్రుకలు దానికి చిక్కుకుని, గాలికి అటూ ఇటూ కదులుతున్నాయి.